ఇంగ్లీషు లిటరేచర్‌లో పీహెచ్‌డీ ఎలా చేయాలి: నోటిఫికేషన్ నుంచి వైవా దాకా

ఎంఏ ఇంగ్లీషు చివరి సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే ప్రతి ఏడూ ఇద్దరు ముగ్గురు పిల్లలు నా దగ్గరికి వచ్చి ఒకే మాట అడుగుతారు: "పీహెచ్‌డీ చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ అరగంట చెప్పి పంపుతాను. గేటు దాటేసరికి వాళ్లకు సగమే గుర్తుంటుంది. అందుకే ఈసారి కూర్చుని మొత్తం రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. అడ్మిషన్ ఇంటర్వ్యూ దగ్గర్నుంచి వైవా (చివర్లో జరిగే మౌఖిక పరీక్ష) దాకా మీ ఎదురుగా కూర్చునే మనుషులు మారుతుంటారు గానీ, వాళ్లు అడిగేవి రెండే. మీ ప్రశ్న ఏమిటి? మీరు చెప్పబోయేది ఇదివరకు ఎవరూ చెప్పలేదని మీకెలా తెలుసు? ఈ రెండింటికీ జవాబు దొరికినవాళ్లకు మిగతాదంతా ఓపికగా చేసుకుపోవాల్సిన పని. దొరకనివాళ్లకు ఆరేళ్లు ఇచ్చినా చాలవు. కింద చెప్పే ప్రతి మెట్టు దగ్గరా ఈ రెండూ మళ్లీ మళ్లీ వస్తాయి.

నేను రాస్తున్నది మన దేశంలోని యూనివర్సిటీల గురించి. వీటన్నిటికీ ఇప్పుడు ఆధారం 2022 నవంబరులో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఇచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు. వాటి పైన ప్రతి యూనివర్సిటీ తన సొంత ఆర్డినెన్స్ (నియమావళి) కొంత కలుపుకుంటుంది. రెండూ డౌన్‌లోడ్ చేసి ఫోన్‌లో పెట్టుకోండి. సీనియర్ చెప్పాడనో, ఆఫీసులో ఎవరో అన్నారనో నడిస్తే నష్టపోయేది మీరే.

1. అర్హత

మూడేళ్ల డిగ్రీ, ఆ పైన రెండేళ్ల ఎంఏ చేసినవాళ్లకు ఎంఏలో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లు 75 శాతం ఉంటే ఎంఏ లేకుండానే నేరుగా అప్లై చేయవచ్చు. వాళ్లకూ అదే సడలింపు వర్తిస్తుంది.

అవకాశం ఉన్నా, సాహిత్యం విషయంలో ఎంఏ మానేయవద్దనే నేను చెబుతాను. సాహిత్యంలో పరిశోధన చేయడానికి కావాల్సింది చదివిన పుస్తకాల బరువు. ఎంఏలో చదివే నాటకాలు, నవలలు, విమర్శ సిద్ధాంతాలు రేపు మీ థీసిస్‌లో నేరుగా కనిపించకపోవచ్చు. కానీ అవి చదవనివాళ్ల ప్రపోజల్ రెండో పేజీలోనే తెలిసిపోతుంది.

ఎంఫిల్ ఇప్పుడు లేదు, ఆ కోర్సును రద్దు చేశారు. ఇంకా ఎవరైనా అడ్మిషన్ ఇస్తామంటే చేరకండి. ఉద్యోగం చేస్తున్నవాళ్లకు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ ఉంది. మీరు పనిచేసే చోటు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి, పరీక్షలూ సమీక్షలూ ఫుల్‌టైమ్ వాళ్లతో సమానమే. దూరవిద్యలో మాత్రం పీహెచ్‌డీ కుదరదు. "అటెండెన్స్ అక్కర్లేదు, రెండేళ్లలో డిగ్రీ చేతికి" అని వాట్సాప్‌లో వచ్చే ప్రకటనల వెనక పోయి డబ్బూ వయసూ పోగొట్టుకున్నవాళ్లను నేను దగ్గరగా చూశాను. నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు పడుతుంది. అంతకన్నా తక్కువ అన్నారంటే అక్కడే లేచి వచ్చేయండి.

2. నెట్ రాయండి

నెట్ అంటే నేషనల్ ఎలిజిబిలిటీ టెస్ట్. 2024 జూన్ నుంచి దీని ఫలితాలు మూడు తరగతులుగా ఇస్తున్నారు. మొదటి తరగతిలో ఉన్నవాళ్లకు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్), అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం మూడూ వస్తాయి. రెండో తరగతికి ఫెలోషిప్ తప్ప మిగతా రెండూ వస్తాయి. మూడో తరగతికి పీహెచ్‌డీ ప్రవేశం ఒక్కటే. రెండు, మూడు తరగతుల్లో వచ్చినవాళ్లకు ప్రవేశం కోసం నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. పీహెచ్‌డీ ప్రవేశానికి వాళ్ల స్కోరు ఏడాది మాత్రమే చెల్లుతుంది కాబట్టి, ఫలితం రాగానే నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి.

సొంత ఎంట్రన్స్ పెట్టే యూనివర్సిటీల్లో సగం మార్కులు రీసెర్చ్ మెథడాలజీకి, సగం సబ్జెక్టుకు. మన దగ్గర సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష) పాసైనవాళ్లు చాలామంది అదే చాలనుకుంటారు. సెట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత కోసం పెట్టిన పరీక్ష, దానితో జేఆర్‌ఎఫ్ రాదు. దాన్ని చూపిస్తే ఎంట్రన్స్ మినహాయింపు ఇస్తారా లేదా అన్నది మీరు చేరాలనుకున్న చోటి నోటిఫికేషన్‌లో చూసుకోండి.

నెట్ ఇంగ్లీషు సిలబస్‌లో పది యూనిట్లుంటాయి. నాటకం, కవిత్వం, ఫిక్షన్, వచనం మనవాళ్లు బాగానే చదువుతారు. ఇండియాలో ఇంగ్లీషు చరిత్ర, కల్చరల్ స్టడీస్, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి సాహిత్య సిద్ధాంతం, పరిశోధన పద్ధతులు వదిలేస్తారు. పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు ఆ నాలుగింటి నుంచే మొదలుపెట్టాలని నా సలహా. పరీక్షకు పనికొస్తాయి, రేపు మీ ప్రపోజల్ నిలబడేదీ వాటి మీదే. నెగటివ్ మార్కులు లేవు, కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

డబ్బు విషయం కూడా చెప్పుకోవాలి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఎస్ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) అయ్యాక 42,000. హాస్టల్ లేనివాళ్లకు హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. జేఆర్‌ఎఫ్ లేకుండా సెంట్రల్ యూనివర్సిటీలో చేరితే నాన్ నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. ఇంట్లో మీ జీతం మీద ఆధారపడేవాళ్లు ఉంటే ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. ఇంకోసారి నెట్ రాస్తే జేఆర్‌ఎఫ్ వస్తుందన్న నమ్మకం ఉంటే ఆర్నెల్లు ఆగడం తప్పేమీ కాదు. జేఆర్‌ఎఫ్‌కు వయోపరిమితి ఉంది కాబట్టి, ఆ లెక్క చూసుకుని ఆగండి.

3. టాపిక్ కాదు, ప్రశ్న వెతకండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

"ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగితే పిల్లలు సాధారణంగా "దళిత ఆత్మకథలు", "డయాస్పోరా నవలలు", "ఫెమినిజం" అంటారు. ఇవి టాపిక్‌లు. టాపిక్ మీద వ్యాసం రాయవచ్చు గానీ థీసిస్ రాయలేం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో రాసిన 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' ఉంది. అందులో ఆమె తన మేనమామ కె.జి. సత్యమూర్తి, అంటే మనకు తెలిసిన కవి శివసాగర్, తన తల్లి మంజుల జీవితాలను చెప్పుకొచ్చారు. "ఈ పుస్తకంలో కులం" అని ప్రపోజల్ రాస్తే అది టాపిక్. కులం ఉందని పుస్తకం మొదటి పేజీలోనే తెలుస్తుంది, మీరు కనిపెట్టేదేముంది? ఇప్పుడు ఇలా అడిగి చూడండి: తెలుగులో బతికిన జీవితాన్ని తెలుగు రాని పాఠకుడికి ఇంగ్లీషులో చెబుతున్నప్పుడు, రచయిత్రి దేన్ని విడమరచి చెప్పారు? దేన్ని ఏ వివరణా లేకుండా వదిలేశారు? ఆ ఎంపిక వల్ల ఆ కుటుంబం పాఠకుడికి ఎలా కనబడుతోంది? ఇది ప్రశ్న. దీనికి జవాబు కావాలంటే పుస్తకం తెరిచి వాక్యాల వెంట నడవాలి. ఇంగ్లీషులోకి వచ్చిన మరో మూడు నాలుగు దళిత జీవిత కథలు పక్కన పెట్టి చూడాలి. జవాబు ముందే తెలియదు కాబట్టే అది పరిశోధన అవుతుంది.

ఇక్కడ ఇంకో సంగతి గమనించండి. ఈ ప్రశ్న తెలుగు వచ్చినవాళ్లకే తడుతుంది. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్‌లో చేరగానే మనవాళ్లు తెలుగు తెలియనట్టు ఉండాలనుకుంటారు. అది పొరపాటు. అనువాదాల మీద, తులనాత్మక సాహిత్యం మీద, మన ప్రాంతంలో ఇంగ్లీషు చదువు చరిత్ర మీద ఇంకా చేయాల్సిన పని కొండంత ఉంది. తెలుగు మూలాన్ని మూలంగా చదవగలగడం మీ చేతిలో ఉన్న పనిముట్టు, దాన్ని పక్కన పెట్టకండి.

నా సంగతి చెబుతాను. నా మొదటి సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) పన్నెండు పేజీలు. మా గైడ్ దాన్ని వారం తర్వాత తిరిగి ఇచ్చారు. ప్రతి పేజీ మార్జిన్‌లోనూ పెన్సిల్‌తో ఒకటే మాట: "అయితే?" రెండోసారి రాసి ఇచ్చాను, మళ్లీ అదే మాట. మూడోసారి తొమ్మిదో పేజీలో ఒక వాక్యం కింద గీత గీసి, పక్కన "ఇక్కడ మొదలుపెట్టు" అని రాశారు. ముందున్న ఎనిమిది పేజీలూ తీసేశాను. ఆ ఒక్క వాక్యం నా థీసిస్ అయింది. మీ డ్రాఫ్ట్ మీరే చదువుకుంటూ ప్రతి పేరా చివర "అయితే?" అని అడగండి. జవాబు రాని పేరా కొట్టేయండి.

ఇక రెండో విషయం, ఎవరూ చెప్పలేదని ఎలా తెలుస్తుంది? గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో మన యూనివర్సిటీల థీసిస్‌లు ఉంటాయి, ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. ఇంకా పూర్తికాని పరిశోధనల సినాప్సిస్‌లు శోధ్‌గంగోత్రిలో ఉంటాయి. రచయిత పేరుతో వెతకండి, మీ ప్రశ్నలోని ముఖ్యమైన మాటలతోనూ వెతకండి. దొరికినవాటిలో దగ్గరగా ఉన్న ఐదింటి మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం చదివి, ఒక్కోదానికి మూడు వాక్యాలు రాసుకోండి: ఏం అడిగారు, ఏం తేల్చారు, ఏం వదిలేశారు. ఆ మూడో వాక్యాలన్నీ ఒకచోట పేర్చి చూస్తే మీ చోటు కనబడుతుంది. మీరు అనుకున్నది అప్పటికే వచ్చేసిందని తెలిస్తే బాధపడకండి, మూడో ఏట తెలియడం కన్నా ఇప్పుడు తెలియడం మేలు.

4. గైడ్

మార్గదర్శకుడిగా ఎంతమందిని తీసుకోవచ్చో లెక్క ఉంది. ఒకే సమయంలో ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్‌కు ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నలుగురు. రిటైర్మెంట్‌కు మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్‌ను తీసుకోకూడదు. అందుకే మీకు నచ్చిన ప్రొఫెసర్ దగ్గర ఈ ఏడు ఖాళీ ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూడండి.

పేరున్న గైడ్ కన్నా మీ డ్రాఫ్ట్ చదివే గైడ్ ముఖ్యం. వాళ్ల దగ్గర ఇప్పుడు చేస్తున్న స్కాలర్లను కలిసి ఒక్క ప్రశ్న అడగండి: చాప్టర్ ఇస్తే ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? ఆ జవాబులో మీకు కావాల్సిందంతా ఉంటుంది. గైడ్ రాసిన వ్యాసాలు కనీసం రెండు చదివాకే మెయిల్ పెట్టండి. మెయిల్ రెండు పేరాలు చాలు: మీరెవరు, మీ ప్రశ్న ఏమిటి, వాళ్ల పనిలో దేనితో అది కలుస్తోంది. సర్టిఫికెట్లన్నీ మొదటి మెయిల్‌కే తగిలించకండి.

యూనివర్సిటీని ఎంచుకునేటప్పుడు లైబ్రరీ కూడా చూడండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ), ఉస్మానియా మూడూ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఉస్మానియా క్యాంపస్‌లో 1964లో మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ పుస్తక సంపద అమెరికన్ సాహిత్యం మీద పనిచేసేవాళ్లకు ఎన్నో తరాలుగా ఆసరా. దేశం నలుమూలల నుంచి స్కాలర్లు దానికోసమే వచ్చి ఉండేవాళ్లు. ఇతర ఊళ్లలో ఉన్నవాళ్లు, మీ ప్రభుత్వ విద్యాసంస్థకు 2025లో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద జర్నల్స్ అందుతున్నాయేమో లైబ్రేరియన్‌ను అడగండి.

5. ఇంటర్వ్యూ

ప్రపోజల్‌లో ఉండాల్సినవి: ప్రశ్న, అది ఎందుకు అడగాలి, ఇదివరకు ఎవరేం చెప్పారు, ఏ పుస్తకాలు తీసుకుంటున్నారు, వాటిని ఎలా చదవబోతున్నారు. బోర్డు వాళ్లు మీ ప్రపోజల్‌ను మీ ముందే తిప్పి చూస్తారు. మీరు ఒక సిద్ధాంతకారుడి పేరు రాశారంటే ఆయన రచన ఏది చదివారని తప్పకుండా అడుగుతారు. చదవని పేరు రాయకండి. నలుగురి పేర్లు వల్లించేవాళ్ల కన్నా, ఒక్క నవలలో ఒక్క సన్నివేశాన్ని తీసుకుని "ఇక్కడ నాకు ఈ అనుమానం వచ్చింది" అని చెప్పగలిగేవాళ్లను బోర్డు గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లీషులో తడబడతామని టెన్షన్ పడకండి. ప్రశ్న మీదైతే మాట దానంతటదే వస్తుంది.

6. కోర్స్‌వర్క్

చేరాక కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్. అందులో పరిశోధన నైతికత మీద ఒక కోర్సు తప్పనిసరి. 55 శాతం లేదా దానికి సమానమైన గ్రేడ్ వస్తేనే ముందుకు వెళ్లి థీసిస్ ఇవ్వగలరు. ఇది కాక, వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ ఇవ్వవచ్చు. దాన్ని భారం అనుకోవద్దు. డిగ్రీ పిల్లలకు ఒక కవిత అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకున్నవాళ్లు థీసిస్ కూడా స్పష్టంగా రాస్తారు.

కోర్స్‌వర్క్‌లో రాసే ప్రతి టర్మ్ పేపర్‌నూ మీ ప్రశ్న చుట్టూ రాయండి. మీ విషయం మీద ఇప్పటిదాకా వచ్చిన విమర్శ మీద ఒకటి, ఒక ప్రధాన రచన మీద ఒకటి. ఏడాది గడిచేసరికి రెండు చాప్టర్లకు ముడిసరుకు చేతిలో ఉంటుంది.

7. ప్రతి సెమిస్టర్ సమీక్ష

గైడ్ కన్వీనర్‌గా రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ఒకటి ఉంటుంది. కొన్ని చోట్ల దీన్ని డాక్టోరల్ కమిటీ అంటారు. ప్రతి సెమిస్టర్‌లో దాని ముందు ప్రజెంటేషన్ ఇచ్చి, చిన్న రిపోర్టు సమర్పించాలి. పని బాగా లేదనుకుంటే కమిటీ కారణాలు రాసి, ఏం సరిచేయాలో చెబుతుంది. అప్పటికీ మీరు సరిచేసుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫార్సు చేసే అధికారం దానికి ఉంది.

చాలామంది దీన్ని సంతకాల తంతుగా చూస్తారు. పాతిక స్లైడ్లు, ప్రతి స్లైడ్ మీదా నిర్వచనాలు. అలా చేయకండి. మీ చాప్టర్‌లోంచి ఒక్క పేజీ ప్రింట్ తీసి అందరి చేతిలో పెట్టండి, దాని మీద మాట్లాడమని అడగండి. మీ వాదనలో ఎక్కడ బొక్క ఉందో ఆ గదిలోనే తెలుస్తుంది. చివరి ఎగ్జామినర్ చెప్పాల్సింది ముందే వినగలిగే అవకాశం ఇదొక్కటే. బయటికి రాగానే, ఎవరేం అన్నారో తేదీ వేసి రాసుకుని గైడ్‌కు మెయిల్ చేయండి. రెండేళ్ల తర్వాత "అది మార్చమన్నాం కదా" అనే మాట వచ్చినప్పుడు ఆ మెయిలే మీకు దిక్కు.

8. రాయడం

రాయడం చివర్లో చేసే పని అనుకోకండి. మొదటి వారం నుంచే రోజూ ఓ పేజీ రాయండి, అది థీసిస్‌లోకి రాకపోయినా సరే.

నోట్స్ రాసేటప్పుడు కొటేషన్ పక్కన పేజీ నంబరు, ఏ ఎడిషనో అప్పటికప్పుడే రాయండి. ఇంగ్లీషు డిపార్ట్‌మెంట్లలో మూలాలు చూపించడానికి ఎక్కువగా ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి వాడతారు. 2021లో వచ్చిన తొమ్మిదో ఎడిషన్ చూసుకోండి. నేను మొదటి ఏడాది మంచి మంచి వాక్యాలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాను, పేజీ నంబర్లు వేయలేదు. మూడో ఏట చాప్టర్ పూర్తి చేసేటప్పుడు ఒక పుస్తకం కోసం లైబ్రరీకి వెళ్తే అది బైండింగ్‌కు పోయిందన్నారు. మూడు వారాలు ఆగాను. ఆ పుస్తకం వచ్చాక రెండు వాక్యాల కోసం నాలుగు వందల పేజీలు తిప్పాను. ఆ రెంటిలో ఒకటి దొరకలేదు, దాని మీద కట్టిన పేరా మొత్తం తీసేయాల్సి వచ్చింది.

మన థీసిస్‌లలో నన్ను ఎక్కువగా బాధపెట్టే అలవాటు ఒకటుంది. మొదటి అధ్యాయంలో రచయిత పుట్టుపూర్వోత్తరాలు, ఆ తర్వాత ఒక్కో అధ్యాయంలో ఒక్కో నవల కథ, చివర్లో అంతా మళ్లీ చెప్పడం. ఎగ్జామినర్‌కు ఆ నవలల కథ తెలుసు. ఆయనకు కావాల్సింది మీరు దాన్ని ఎలా చదివారన్నది. అధ్యాయాలను పుస్తకాల వారీగా కాకుండా వాదన మెట్ల వారీగా కట్టండి. పరీక్ష చాలా తేలిక: మీ మూడో అధ్యాయాన్ని రెండో అధ్యాయానికి ముందు పెట్టినా ఏమీ తేడా రాకపోతే, మీ వాదన ఇంకా నడవడం లేదని అర్థం.

సారూప్యత తనిఖీ, అంటే ప్లేజరిజం చెక్, గురించి భయాలు ఎక్కువ, తెలిసింది తక్కువ. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే, ఆరు నెలలు మించకుండా ఇచ్చిన గడువులో సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 దాకా అయితే ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. సరిగ్గా ఉటంకించి మూలం చెప్పిన భాగాలు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు ఈ లెక్కలోకి రావు. రిపోర్టు చేతికి రాగానే మొత్తం శాతం చూసి గుండె పట్టుకోకండి. రంగు వేసిన వాక్యాలను ఒక్కొక్కటిగా చూడండి. కొటేషన్ మార్కులు మరిచిపోయారా, ఇతరుల మాటను రెండు పదాలు మార్చి మీ మాటగా రాశారా అన్నది అక్కడ తెలుస్తుంది. రెండోదైతే పదాలు మార్చి శాతం తగ్గించుకోవడం మందు కాదు. మూలం పేరు చెప్పి, మీరు దానితో ఎందుకు ఒప్పుకుంటున్నారో లేదో రాయండి. ఏఐతో రాయించుకునే ఆలోచన వద్దు. సాఫ్ట్‌వేర్‌కు దొరికినా దొరకకపోయినా, తను రాయని వాక్యాన్ని వైవాలో ఎవరూ సమర్థించుకోలేరు.

పబ్లికేషన్ల సంగతి: 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు ఒక జర్నల్ వ్యాసం, రెండు సదస్సు పత్రాలు తప్పనిసరిగా ఉండేవి. 2022లో ఆ షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంతంగా అడుగుతుందేమో ఆర్డినెన్స్‌లో చూడండి. అడగకపోయినా ఒక మంచి వ్యాసం వేయండి, ఉద్యోగాల దగ్గర అది పనికొస్తుంది. మంచి జర్నల్స్ ఏవో చెప్పే యూజీసీ కేర్ జాబితాను 2025లో ఎత్తేశారు కాబట్టి జర్నల్ మంచిదో కాదో మీరే తేల్చుకోవాలి. డబ్బు కట్టిన మూడో రోజుకే అంగీకారపత్రం పంపే జర్నల్‌లో మీ పేరు రానివ్వకండి.

9. గడువు

అడ్మిషన్ తేదీ నుంచి గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్ మీద మరో రెండేళ్లు ఇవ్వవచ్చు, మొత్తం ఎనిమిది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు ఇంకో రెండేళ్లు, మొత్తం పది. మహిళా స్కాలర్లకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం కాలంలో 240 రోజుల దాకా ఉంటుంది. ఇది హక్కు. అడగడానికి మొహమాటపడి, పసిబిడ్డను ఎత్తుకుని సమీక్షకు వచ్చిన అమ్మాయిలను చూశాను. అడగండి, రాతపూర్వకంగా అడగండి.

10. సబ్మిషన్

థీసిస్ ఇచ్చేముందు కమిటీ ఎదుట ప్రీ సబ్మిషన్ ప్రజెంటేషన్ ఉంటుంది, డిపార్ట్‌మెంట్ అధ్యాపకులూ స్కాలర్లూ వినడానికి వస్తారు. అక్కడ వచ్చిన సూచనలు చేర్చాకే సబ్మిషన్. ఈ దశలో మిమ్మల్ని ఆపేవి పెద్ద విషయాలేమీ కావు. లైబ్రరీ నో డ్యూస్, హాస్టల్ మెస్ బకాయి, ఒక సెమిస్టర్ ఫీజు రసీదు కనబడకపోవడం, టైటిల్‌లో ఒక్క మాట రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి తేడా రావడం. రెండు నెలల ముందే ఈ కాగితాలన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. టైటిల్ మార్చాలంటే కమిటీ ఆమోదం ముందే తీసుకోండి.

11. మూల్యాంకనం, వైవా

థీసిస్‌ను మీ గైడ్‌తో పాటు బయటి సంస్థలకు చెందిన కనీసం ఇద్దరు ఎగ్జామినర్లు చదువుతారు. వాళ్లలో ఒకరు విదేశాల నుంచి ఉండవచ్చు. వాళ్లెవరో మీరు ఆరా తీయకూడదు. బయటి ఇద్దరూ సరేనంటేనే, వాళ్లు చెప్పిన సవరణలు చేశాక వైవా. ఒకరు కాదంటే ఇంకో ఎగ్జామినర్‌కు పంపుతారు. ఆయన సరేనంటే వైవా ఉంటుంది, ఆయనా కాదంటే థీసిస్ తిరస్కరణే. సబ్మిషన్ నుంచి మొత్తం ప్రక్రియ ఆరు నెలల్లో పూర్తి కావాలని నిబంధన. ఆలస్యమైతే ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో మర్యాదగా, తేదీలు రాసిన లెటర్‌తో అడగండి.

ఎగ్జామినర్ మొదట చూసేది ముందుమాట, ముగింపు, గ్రంథసూచి. ముందుమాటలో అడిగిన ప్రశ్నకు ముగింపులో జవాబు ఉందా? గ్రంథసూచిలో గత పదేళ్ల విమర్శ ఉందా? లోపల ఉటంకించినవన్నీ సూచిలో ఉన్నాయా? ఆ తర్వాతే అధ్యాయాల్లోకి వెళ్తారు. అందుకే సబ్మిషన్‌కు ముందు చివరి వారం మీరూ అదే వరుసలో చదవండి.

ఎగ్జామినర్ల రిపోర్టులు మీ చేతికి వచ్చాక, వాళ్లు లేవనెత్తిన ప్రతి అంశానికీ ఒక కాగితం మీద జవాబు రాసుకోండి. వైవా బహిరంగంగా జరుగుతుంది. గైడ్, బయటి ఎగ్జామినర్లలో కనీసం ఒకరు బోర్డులో ఉంటారు, ఆన్‌లైన్‌లో కూడా పెట్టవచ్చు. ముందు మీరు కాసేపు మీ పనిని వివరిస్తారు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఈ రచనలే ఎందుకు, ఫలానాది ఎందుకు తీసుకోలేదు? ఈ సిద్ధాంతం లేకపోతే మీ వాదన నిలబడుతుందా? మీ పరిమితులేమిటి? వీటికి జవాబు బట్టీ పట్టకండి. థీసిస్ ప్రతిలో ముఖ్యమైన చోట్ల రంగు చీటీలు పెట్టుకుని, ప్రశ్న రాగానే ఆ పేజీ తెరిచి చూపండి. తెలియని విషయం అడిగితే "ఆ కోణం నేను తీసుకోలేదు, కారణం ఇది" అని నేరుగా చెప్పండి. ఐదేళ్లు ఆ ప్రశ్నతో బతికింది మీరు, ఆ గదిలో దాని గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

12. డిగ్రీ ప్రకటించేముందు

థీసిస్ సాఫ్ట్ కాపీ శోధ్‌గంగలో పెట్టడం కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్‌కు చేరాలి. సవరణలు చేసిన ప్రతినే ఇస్తున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి, పాత ఫైల్ వెళ్లిపోతే అదే శాశ్వతంగా ఉంటుంది. తర్వాత ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు, డిగ్రీ యూజీసీ నిబంధనల ప్రకారం ఇచ్చినట్టు అందులో ఉందో లేదో కౌంటర్ దగ్గరే నిలబడి చదవండి. లేకపోతే అక్కడే అడిగి రాయించుకోండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు తిరగేసేవాళ్లు ముందుగా వెతికేది ఆ వాక్యాన్నే.